పడేసి చూసిన గోదాము

ఆసుపత్రిలో పెద్ద నర్సమ్మ కేకలెయ్యదు. చిక్కంతా అక్కడే. కేకలేసే మనిషిని ఎలాగో ఒకలా సముదాయించొచ్చు. ఈవిడ కుర్చీ చూపిస్తుంది, కూర్చోమంటుంది, మంచినీళ్ళు ఇప్పిస్తుంది. ఆ తరవాత చెప్తుంది.

"నిన్న లిఫ్టు మళ్ళీ ఆగిందమ్మాయ్. రెండో అంతస్తు దాటింది, మూడోది అందలేదు. లోపల స్ట్రెచర్ మీద ఒక ముసలాయన. పక్కన మా పిల్ల ఒకతె సెలైన్ సీసా ఎత్తి పట్టుకుంది. మీవాళ్ళొచ్చి తలుపు తీసేదాకా దించలేదు. బయటికొచ్చాక ఆ చెయ్యి వంగలేదు పాపం."

లిఫ్టు కంపెనీ పెద్దమ్మాయి తాగబోయిన గ్లాసు బల్ల మీద పెట్టేసింది.

"మీవాళ్ళు పరిగెత్తుకొచ్చారు. కాదనను. ఆగాక ఎవరైనా వస్తారు. ఆగకముందు రాగలరా? అది కావాలి నాకు. లిఫ్టులకి ఏవో పెట్టెలు బిగించారుగా, అవి ముందే చెప్తాయన్నావు. చెప్పాయా?"

"చెప్పాయమ్మా. మాకే వినపడలేదు."

"వినపడేట్టు చేసుకో. నెలాఖరుకి నాకు చూపించు. లేదంటే నీ మీద కోపం లేదు కానీ, గుమ్మంలో వేరే కంపెనీవాళ్ళు నిలబడి ఉన్నారు."

పెద్దమ్మాయి మెట్లు దిగి బయటికొచ్చింది. లిఫ్టు ఎక్కడానికి మొహం చెల్లలేదు.

వాళ్ళ నాన్న సొంతంగా బిగించిన మొదటి లిఫ్టు ఆ ఆసుపత్రిలోదే. అది పోతే పోయేది ఒక్క గిరాకీ కాదు. అయినా ఆమెని కోసేస్తున్నది అది కూడా కాదు. ప్రతి లిఫ్టుకీ పెట్టె బిగిద్దామని ఇంట్లో పోరుపెట్టింది తనే. తలుపు ఎంతసేపట్లో మూసుకుంటోంది, మోటారు ఎంత కరెంటు లాగుతోంది, అంతస్తుకి సరిగ్గా ఆగుతోందా, ఎన్నో ఏళ్ళుగా అన్నీ వచ్చి పడుతూనే ఉన్నాయి. అవసరమొచ్చిన రోజున అంత సరుకూ నోరు మెదపలేదు. తప్పు పెట్టెలది కాదు, తనది. అంత సరుకుని చిన్న గదిలో కుక్కి కూర్చుంది.

గది అంటే నిజంగా గదే. ఆఫీసు వెనక, సామాన్ల గోదాము పక్కన, ఒక సర్వరు. దాని ఫ్యాను ఆస్తమా మనిషిలా ఎగపీలుస్తూ ఉంటుంది. పొద్దున ఒక మాట అడిగితే సాయంత్రానికి జవాబు చెప్తుంది. నిన్నా అంతే. ఆ తలుపు మోటారు వారం నుంచీ మామూలు కంటే ఎక్కువ కరెంటు లాగుతోందని చెప్పింది. ఎప్పుడు? ముసలాయన్ని బయటికి తీశాక. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టు.

"ఇక దీంతో కాదు," అంది పెద్దమ్మాయి ఆఫీసులో అడుగు పెడుతూనే. "క్లౌడ్ గోదాము తీసుకోవాలి. ఈ నెల్లోనే."

మామయ్య, అంటే వాళ్ళమ్మ తమ్ముడు, తల ఎత్తాడు. సామాన్ల గోదాము ఆయన రాజ్యం. తాళం చెవులు మొలలో వేలాడుతుంటాయి.

"ఇంత గోదాము నా చేతిలో ఉండగా ఇంకోటెందుకే అమ్మడూ?"

"నీ గోదాములో బోల్టు అడిగితే గంటకి దొరుకుతుంది మామయ్యా."

"దొరుకుతుందా, లేదా?"

"దొరుకుతుంది. అప్పటికి ఎందుకడిగామో మర్చిపోతాం."

మెకానిక్కులు నవ్వారు. మామయ్య కూడా నవ్వాడు కానీ తాళం చెవులు ఒకసారి తడుముకున్నాడు.

పేరు క్లౌడ్ గానీ అది మబ్బుల్లో ఉండేదేం కాదు. ఎక్కడో ఎవరివో పెద్ద పెద్ద యంత్రాలు. మన సంగతులన్నీ తీసుకెళ్ళి అక్కడ పోస్తాం. ఒక ప్రశ్న అడిగితే ఆ యంత్రాలు తలా కాస్త వెతికి చిటికెలో జవాబు చెప్తాయి. అమ్మేవాళ్ళు బోలెడుమంది. అందులో ఇద్దర్ని పట్టుకుంది పెద్దమ్మాయి. ఒకరిని పట్టుకుంది అనడం కంటే తమ్ముడు తెచ్చి ముందు కూర్చోబెట్టాడు అనడం సబబు.

తమ్ముడు కంపెనీకి గిరాకీలు తెచ్చేవాడు. ఇస్త్రీ నలగని చొక్కా, నవ్వు చెదరని మొహం. వాడు తెచ్చిన మనిషికి మామయ్య గళ్ళచొక్కా అని పేరు పెట్టాడు. ఏ రోజు వచ్చినా గళ్ళే. గళ్ళు మారతాయి అంతే.

"మీరు దేనికీ కంగారు పడక్కర్లేదు మేడమ్," అన్నాడు గళ్ళచొక్కా. "యంత్రాలెన్ని, ఎంతటివి, అవన్నీ మేం చూసుకుంటాం. మీరు అడగడమే. అడిగినదానికే ఖర్చు. అడక్కపోతే ఏమీ లేదు."

మాటల్లో మోసమేం లేదు. తెరిచి చూపించాడు. ఆసుపత్రి లిఫ్టుల సరుకు ఓ రెండు రోజుల్లో ఎక్కించేశాడు కూడా. ప్రశ్న అడిగీ అడక్కముందే జవాబు. తమ్ముడు అక్క మొహం చూసి, పని అయిపోయిందన్నట్టు పెన్ను తీశాడు.

"పెన్ను జేబులో పెట్టుకో," అంది పెద్దమ్మాయి. "ఇంకొకరున్నారు."

ఆ ఇంకొకరు ఒకావిడ. వచ్చిన రోజు జలుబు, ఫోన్లో మాట్లాడిన రోజు జలుబు. పొగడ్డం చేతకాదు ఆవిడకి.

"మీ సరుకు క్లౌడ్‌లో మీ పేరున అద్దెకి తీసుకున్న కొట్లోనే ఉంటుంది. ఎవరి యంత్రమైనా చదవగలిగే మామూలు ఫైళ్ళలో ఉంటుంది. మేమిచ్చేది వెతికే యంత్రం ఒక్కటే. కావాలంటే నడపండి, వద్దంటే ఆపెయ్యండి. నడిచినంతసేపే అద్దె. అయితే..." ఇక్కడ ఆగి ముక్కు తుడుచుకుంది. "అమర్చుకోవడం మీ పని. తేలిగ్గా ఏం ఉండదు. ముందే చెప్తున్నా."

ఆవిడ వెళ్ళాక తమ్ముడు పొట్ట పట్టుకుని నవ్వాడు. "అమ్మడానికొచ్చి కష్టమని చెప్పే మనిషిని ఇప్పుడే చూడటం అక్కా. ఆవిడ యంత్రానికి కూడా తుమ్ములొస్తాయేమో."

"రావచ్చు."

"ఇందులో ఆలోచించడానికేముంది? నెలాఖరు ముంచుకొస్తోంది. అతనిది సిద్ధంగా ఉంది. పైగా నేను మాటిచ్చేశాను."

"ఎవరి మాట?"

"మన మాట."

"నీ నోట్లోంచి వచ్చింది నీ మాట. నా సంతకం నా దగ్గరే ఉంది."

తమ్ముడు విసురుగా వెళ్ళిపోయాడు. వాణ్ణి తప్పు పట్టలేం. ఒడ్డున పడాలనే వాడి ఆత్రం. ఆమెకీ అదే ఆత్రం. కానీ ఎక్కే పడవకి చిల్లుందా లేదా అని చూడకుండా ఎక్కడం ఆమె వల్ల కాలేదు. ఎలా చూడాలో మాత్రం తెలియలేదు. ఇద్దరివీ బాగున్నాయి. బాగున్నవాటిలో ఎంచుకోవడం బాగాలేనివాటిలో ఎంచుకోవడం కంటే కష్టం.

ఆ మర్నాడు ఊరి చివర కొత్త భవనంలో ఒక లిఫ్టు అప్పగించాల్సి ఉంది. అప్పగించే ముందు పడేసి చూడటం వాళ్ళ కంపెనీలో కట్టుబాటు. లిఫ్టు కింద దవడల్లాంటివి ఉంటాయి. తాడు తెగి లిఫ్టు జారితే, ఆ దవడలు రెండు పక్కలా ఉన్న పట్టాలను కరుచుకుని ఆపాలి. ఆపుతాయని కాగితం మీద రాసే ఉంటుంది. కాగితాన్ని ఎవరు నమ్ముతారు? లోపల సిమెంటు బస్తాలు వేస్తారు, రాసిన బరువు కంటే పావు వంతు ఎక్కువే వేస్తారు. మనుషులంతా బయటికొచ్చేస్తారు. ఆ తరవాత కావాలని కిందికి జారవిడుస్తారు.

పెద్దమ్మాయి పైన యంత్రం గదిలో నిలబడింది. పొడుగు అని పిలిచే మెకానిక్కు పక్కనే బ్రేకు మీద చెయ్యేసి ఉన్నాడు.

"వదలనా అక్కా?"

"వదులు."

లిఫ్టు జారింది. ఒక్క క్షణం గుండె కూడా దాంతోపాటు జారింది, ఎన్నిసార్లు చూసినా అది మామూలే. ఆ తరవాత ఇనుము ఇనుమును కరిచిన కేక భవనమంతా పాకింది. తాళ్ళు వదులై ఊగాయి. లిఫ్టు అలాగే నిలబడిపోయింది.

"పట్టేసింది!" అని అరిచాడు పొడుగు.

దుమ్ము కళ్ళలో పడుతున్నా ఆమె ఆ వదులైన తాళ్ళనే చూస్తూ ఉండిపోయింది. రెండు గోదాములనూ ఇన్నాళ్ళూ ఎక్కి చూస్తోంది. ఎంత వేగంగా పైకెళ్తాయో చూస్తోంది. ఒక్కదాన్నీ కింద పడేసి చూడలేదు.

ఆఫీసుకొచ్చి చెప్పింది. రెండు గోదాముల్లోనూ ఆసుపత్రి సరుకు ఉచితంగా వాడుకోనిచ్చినంత మేర ఉన్నదున్నట్టు పోసి ఉంది. రేపు బరువేసి చూద్దాం. తరవాత కావాలని పడేద్దాం. ఆ తరవాత కరెంటు పోయినప్పుడు బయటి నుంచి చేత్తో తలుపు తీస్తామే, అలా తీసి సరుకు బయటికి తెచ్చుకోగలమా చూద్దాం.

"ఇదేం చోద్యమక్కా," అన్నాడు తమ్ముడు. "పెళ్ళిచూపుల్లో విడాకుల సంగతి అడుగుతావా?"

"అడుగుతా. తరవాత అడిగితే చెప్పరు."

బరువు వేసే పని మామయ్యకి అప్పజెప్పింది. నలుగురైదుగురు మెకానిక్కుల చేత ఒకేసారి ఫోన్లలో రిపోర్టు తెరిపించమంది. అంతే చెప్పింది. అక్కడే పొరపాటు పడింది. మామయ్య ముప్పై ఏళ్ళుగా లిఫ్టుల మనిషి అన్న సంగతి మర్చిపోయింది.

పొద్దున తెర ముందు కూర్చుంది. నలుగురైదుగురు అనుకుంటే ప్రశ్నలు వరదలా వచ్చి పడుతున్నాయి. గళ్ళచొక్కా గోదాము అదరలేదు బెదరలేదు. వచ్చినవాళ్ళకి వచ్చినట్టు జవాబు పంపిస్తోంది. జలుబావిడ గోదాము మాత్రం రేషను దుకాణంలా బారు కట్టించింది. ఒకరి తరవాత ఒకరు. ఎవర్నీ పొమ్మనడం లేదు కానీ తొందర పడ్డం కూడా లేదు.

"చూశావా?" అన్నాడు తమ్ముడు వెనక నిలబడి. "నక్కకీ నాగలోకానికీ ఉన్నంత తేడా."

పెద్దమ్మాయి తెర మీదనుంచి కళ్ళు తీయకుండా పిలిచింది. "మామయ్యా! ఎంతమంది నొక్కుతున్నారు?"

"అందరూ."

"అందరూ అంటే?"

"అందరూ అంటే అందరే. మన మెకానిక్కులు, వాళ్ళ ఇళ్ళల్లో వాళ్ళు, ఎదురుగా టైర్ల కొట్టువాడు. పొడుగు వాళ్ళ అత్తగారు కూడా నొక్కుతోంది. ఆవిడకి ఆ రంగు రంగుల గీతలు తెగ నచ్చాయట, మళ్ళీ మళ్ళీ నొక్కుతోంది."

"నేను చెప్పింది నలుగురైదుగురే కదా!"

"నువ్వు చెప్పింది బరువేసి చూడమని. లిఫ్టుకైతే ఎంత మోస్తుందో లోపల రాసుంటుంది, దానికి పావు వంతు కలుపుతాం. దీనికి ఎక్కడా రాసి లేదే అమ్మడూ. అందుకని దొరికినవాళ్ళందర్నీ ఎక్కించేశాను."

తమ్ముడు నెత్తి కొట్టుకున్నాడు. పెద్దమ్మాయికి నవ్వూ ఏడుపూ రెండూ ఒకేసారి వచ్చాయి. ఏదో ఒకటి తేల్చుకునేలోగా గళ్ళచొక్కా గోదాము ఆగిపోయింది.

మెల్లగా అవ్వడం కాదు. ఆగిపోవడమే. తెర మీద ఒక మర్యాదైన మాట వచ్చింది. మీకిచ్చిన ఉచిత వాడకం అయిపోయింది, కొనసాగడానికి ప్లాన్ ఎంచుకోండి అని. ప్రతి నొక్కుడుకీ ఆ గోదాము ఏళ్ళ తరబడి సరుకంతా మొదటి నుంచీ తిరగేస్తోంది. అడిగినదానికే ఖర్చు. అత్తగారు అడుగుతూనే ఉంది.

"సరేలే, ఉచితమేగా అయిపోయింది," అన్నాడు తమ్ముడు.

"ఉండు. పడేసే పని ఉందిగా."

జలుబావిడ గోదాములో ఆసుపత్రి లిఫ్టుల పట్టిక మొత్తం తుడిచేసింది. నకలు ఆఫీసు వెనక సర్వరులో ఉండనే ఉంది. తరవాత వెనక్కి రప్పించింది. వచ్చింది. మొత్తం రాలేదు. ఆ పొద్దున పెట్టెలు పంపిన సరుకు మాత్రం రాలేదు, మళ్ళీ పంపించుకోవాల్సి వచ్చింది. అది లోపమే. కాగితం మీద రాసుకుంది. ఆ తరవాత ఆ గోదాము యంత్రాన్ని పూర్తిగా ఆపేసి, కొట్లోంచి ఫైళ్ళు తీసి, తన పాత ల్యాప్‌టాపులో తెరిచింది. తెరుచుకున్నాయి. ఆవిడ జలుబుతో చెప్పిన మాట నిజమే. యంత్రం పడుకున్నా సరుకు చేతికి అందింది.

గళ్ళచొక్కా గోదాములో పట్టిక తుడవడానికి కూడా కుదర్లేదు. సరుకు బయటికి తీసుకుందామంటే మళ్ళీ అదే మర్యాదైన మాట.

అతన్ని పిలిపించింది. పాపం మనిషి మంచివాడే. తేలు కుట్టిన దొంగలా కూర్చోలేదు, తిన్నగానే మాట్లాడాడు.

"ఇది ఉచిత వాడకం మేడమ్. సంతకం పెడితే తెరుచుకుంటుంది."

"సంతకం పెట్టాక మళ్ళీ ఇంతమంది నొక్కితే?"

"రోజుకి ఇంత అని పరిమితి పెట్టుకోవచ్చు."

"పరిమితి దాటితే?"

"ఆ రోజుకి జవాబులు ఆగుతాయి."

"పరిమితి పెట్టుకోకపోతే?"

"ఆగదు మేడమ్. బిల్లు వస్తుంది."

"మా సరుకు మేం తీసుకెళ్తామంటే?"

"అదీ ప్రశ్న కిందే లెక్క. తీయడానికి వాడకం ఉండాలి." బ్యాగు సర్దుకుంటూ తనే అన్నాడు. "ఇప్పటిదాకా మమ్మల్ని ఇలా ఎవరూ అడగలేదు. వచ్చేవాళ్ళు వచ్చే సంగతే అడుగుతారు."

"మీ లిఫ్టు బాగుంది," అంది పెద్దమ్మాయి. "నిజంగా బాగుంది. మనిషి లోపలుండగా తలుపు బిగుసుకుంటే బయటి నుంచి తీసే దారి లేదు. అంతే."

అతను వెళ్ళాక తమ్ముడు తలుపు మూశాడు. గట్టిగానే మూశాడు.

"అక్కా, నీకు దణ్ణం పెడతా. టైర్ల కొట్టువాడు రోజూ నొక్కడు. పొడుగు వాళ్ళ అత్తగారు మన కంపెనీలో పని చెయ్యదు. రాని ప్రళయానికి గొడుగు పడుతున్నావ్. వచ్చిన వానని చూడు. నెలాఖరుకి పెద్ద నర్సమ్మకి చూపించాలి. అతనిదైతే ఇవాళ సాయంత్రానికి నడుస్తుంది. ఆవిడది అమర్చుకునేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆసుపత్రి పోయాక ఈ సరుకు చేత్తో తీసుకుని ఏం చేసుకుంటావ్, నెత్తిన పెట్టుకుంటావా?"

"ఒరేయ్. స్ట్రెచర్ మీద మనిషున్న రోజున పెద్ద నర్సమ్మ ఫోన్ చేసి ఏ లిఫ్టు ఎక్కించమంటావని అడిగితే, ఇవాళ్టికి పరిమితి దాటిందమ్మా అని నువ్వు చెప్తావా, నన్ను చెప్పమంటావా?"

"నెలాఖరు దాటితే ఆవిడ అసలు ఫోనే చెయ్యదు!"

రెండూ నిజమే. అందుకే ఇద్దరూ నాన్న వైపు చూశారు.

నాన్న కిటికీ పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన ఆఫీసుకి రోజూ వస్తాడు, రోజూ ఏమీ మాట్లాడడు. చేతుల మీద పాత గ్రీజు చారలు చర్మంలో కలిసిపోయాయి. కంపెనీ ఇప్పటికీ ఆయన పేరునే ఉంది. ఆయన ఊ అంటే అదే ఖాయం.

"ఆవిడకి చెప్పాల్సిందెవరు?" అన్నాడు నాన్న.

"నేనే," అంది పెద్దమ్మాయి.

"అవ్వకపోతే?"

"అప్పుడూ నేనే చెప్తాను."

నాన్న తల ఊపాడు. మళ్ళీ కిటికీలోంచి చూడ్డం మొదలెట్టాడు. తమ్ముడు ఇంకేదో వస్తుందని కాసేపు చూశాడు. రాలేదు. ఆ ఇంట్లో ఆయన వంతు మాటలు కూడా వాళ్ళమ్మే తీసుకుందని మామయ్య ఎప్పుడూ అంటుంటాడు.

పెద్దమ్మాయి జలుబావిడ కాగితం మీద సంతకం పెట్టింది.

ఇల్లు కొనుక్కున్నంత మాత్రాన కాపురం అయిపోదు. పరీక్షకి ఉన్నదున్నట్టు పోసిన సరుకుని సర్ది ఎక్కించే పని అప్పుడు మొదలైంది. పాత పెట్టెలు ఒక రకంగా పంపితే కొత్త పెట్టెలు ఇంకో రకంగా పంపుతాయి. ఒక దానికి కింది అంతస్తు సున్నా, ఇంకో దానికి ఒకటి. కొన్ని లిఫ్టులకి మధ్యలో పెట్టె మార్చారు, పేరు మార్చలేదు. జలుబావిడ తేలిగ్గా ఉండదంది కదా, ఉండలేదు. ఎక్కించడం, తప్పని తేలడం, దించడం, మళ్ళీ ఎక్కించడం. పెద్దమ్మాయి కళ్ళ కింద నల్లబడింది. అన్నం తింటూ అంతస్తుల నంబర్లు గొణుగుతుంటే వాళ్ళమ్మ అంది, "దీనికి దెయ్యం కాదు పట్టింది, లిఫ్టు పట్టింది" అని. జలుబావిడ మాత్రం అడిగినప్పుడల్లా ఫోన్ ఎత్తింది. తుమ్మి, సారీ చెప్పి, దారి చెప్పింది.

తమ్ముడు అక్కతో మాట్లాడ్డం మానేశాడు. మానేసిన మనిషి రోజూ వచ్చి పక్కన నిలబడి, "ఎంతవరకొచ్చింది మామయ్యా?" అని ఆయన్ని అడిగేవాడు. మామయ్య ఆమెని అడిగేవాడు. ఆమె మామయ్యకి చెప్పేది. ముగ్గురూ బారెడు దూరంలోనే ఉండేవాళ్ళు.

ఆసుపత్రి లిఫ్టుల్లో ఆపరేషను గదులకి వెళ్ళే లిఫ్టు సరుకు ముందు గోదాములోకి ఎక్కింది. ఎక్కిన పూటే అడిగి చూసింది. ఈ తలుపు మోటారు ఈ వారం లాగిన కరెంటు, ఎన్నేళ్ళుగానో లాగినదాని పక్కన పెట్టి, అంతస్తు వారీగా చూపించు అని. జవాబు రావడానికి మంచినీళ్ళు తాగినంత సేపు పట్టింది. అన్ని అంతస్తుల్లోనూ గీత తిన్నగా ఉంది. ఒక్క మూడో అంతస్తులో ఎగదన్నింది.

"పొడుగూ, మూడో అంతస్తు తలుపు చూడు. ఇంకెక్కడా చూడకు, అక్కడే."

పొడుగు వెళ్ళి ఫోన్ చేశాడు. గొంతులో దెయ్యాన్ని చూసినట్టుంది. "అక్కా, గడప వంగి ఉంది. స్ట్రెచర్ చక్రాలు గుద్దీ గుద్దీ వంచేశాయి. తలుపు దాన్ని రాసుకుంటూ పోతోంది. ఇవాళో రేపో బిగుసుకునేదే. నీకెలా తెలిసింది?"

"లిఫ్టు చెప్పింది. సరిచెయ్యి."

ఫోన్ పెట్టేసి మళ్ళీ ఆ గీత వైపు తిరిగింది. తమ్ముడు వెనకనుంచి తెర చూశాడు. మామయ్యని అడగకుండా నేరుగా ఆమెనే అడిగాడు.

"మిగతావి ఎప్పటికి?"

"నెలాఖరుకి సగం ఎక్కుతాయి. అన్నీ ఎక్కవు."

"నేను చెప్పాను."

"చెప్పావు."

అంతకంటే వాడేమీ పొడవలేదు. అది వాడి మంచితనం.

నెలాఖరున పెద్ద నర్సమ్మ కుర్చీ చూపించింది. మంచినీళ్ళు ఇప్పించింది. పెద్దమ్మాయి ల్యాప్‌టాపు తిప్పి ఆపరేషను లిఫ్టు గీత చూపించింది. ఎగదన్నిన చోటు చూపించింది, సరిచేశాక మళ్ళీ తిన్నగా పడిన చోటు చూపించింది. పెద్ద నర్సమ్మ కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. జ్వరం చీటీలు చూసే మనిషికి గీతలు కొత్త కాదు.

"ఇది దిగిన జ్వరం," అంది చివరికి.

"అవునమ్మా."

"అన్నిటికీ ఇలాగే చెప్పగలవా?"

అవునంటే సరిపోతుంది. ఆవిడ వెళ్ళి లెక్కపెట్టదు. వారం పదిరోజుల్లో నిజంగానే అన్నీ ఎక్కుతాయి. పక్కన కూర్చున్న తమ్ముడు కాలితో కాలు తట్టాడు కూడా.

"లేదమ్మా. సగమే అయ్యాయి. మిగతా సగం ఇంకా గుడ్డిగానే ఉన్నాయి."

"నెలాఖరన్నాను."

"అన్నారు. నేను అందుకోలేదు. తొందరగా అయ్యే దారి ఇంకోటి ఉంది. అది మధ్యలో ఆగిపోతే మాకు తాళం చెవి ఉండదు. అందుకని పట్టలేదు. ఆ ఎంపిక నాది. ఆలస్యం కూడా నాదే."

పెద్ద నర్సమ్మ కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది. "మరి ఆ గుడ్డివాటిలో రేపు నా పేషెంటు ఎక్కితే?"

"ఒక్కో దాని దగ్గరా మా మనిషి ఉంటాడు. పొద్దున మీ మొదటి షిఫ్టు నుంచీ చివరి స్ట్రెచర్ దిగేదాకా. తలుపు చప్పుడు వింటూ, మోటారు మీద చెయ్యేసి చూస్తూ. ఆ లిఫ్టు గోదాములోకి ఎక్కిన రోజే ఆ మనిషి అక్కణ్ణుంచి లేస్తాడు."

"అంతమంది ఉన్నారా మీకు?"

మెకానిక్కులు మిగతా భవనాలు కూడా చూడాలి. పెద్దమ్మాయి మనసులో లెక్కేసుకుంది. ఒకరు తక్కువ పడుతున్నారు.

"ఉన్నారమ్మా," అన్నాడు తమ్ముడు. "నేనున్నానుగా."

పెద్ద నర్సమ్మ వాడి చొక్కా వైపు చూసింది, వాడి వైపు చూసింది. "లిఫ్టు సంగతి నీకు తెలుసా నాయనా?"

"మా నాన్న నన్ను నడక కంటే ముందు లిఫ్టు ఎక్కించాడమ్మా. మర్చిపోయినట్టు కనపడతాను కానీ మర్చిపోలేదు."

ఆవిడ నవ్వలేదు. గుమ్మంలో ఉన్న కంపెనీవాళ్ళని పొమ్మంటాననీ అనలేదు. "రేపు పొద్దున నేను డ్యూటీకి ఎక్కేటప్పుడు ప్రతి గుడ్డి లిఫ్టు దగ్గరా మనిషి కనపడాలి. ఒక్క చోట కనపడకపోయినా ఇంక నా దగ్గరికి రావద్దు. అన్నీ కళ్ళు తెరిచాక వచ్చి చెప్పు, అప్పుడు మాట్లాడుకుందాం," అని కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. వెళ్ళమని దాని అర్థం.

మర్నాడు తెల్లారేసరికే ఆసుపత్రి మేడ మీద, వంటగది లిఫ్టు యంత్రం గదిలో తమ్ముడు స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. మామయ్య దగ్గర అడిగి తెచ్చుకున్న పాత నీలం కోటు వేసుకున్నాడు, అది పొట్ట దగ్గర వదులు, చేతుల దగ్గర పొట్టి. మోటారు తిరిగినప్పుడల్లా తల వంచి వింటున్నాడు. పెద్దమ్మాయి ఇంకో స్టూలు లాక్కుని పక్కనే కూర్చుంది. ల్యాప్‌టాపు ఒళ్ళో పెట్టుకుంది. ఇవాళ ఎక్కించాల్సింది ఆ లిఫ్టునే.

"ఎన్నాళ్ళక్కా ఈ స్టూలు?"

"నువ్వు నోరు మూసుకుని వింటే నాకు తొందరగా అవుతుంది."

"వింటున్నాగా. కింద తలుపు ఒకటి కాస్త ఈడుస్తోంది."

ఆమె తెర మీద వేళ్ళు ఆపింది. "ఎన్నో అంతస్తు?"

తమ్ముడు చెయ్యెత్తి ఆగమన్నాడు. లిఫ్టు దిగింది, ఆగింది, తలుపు తెరుచుకుంది, మూసుకుంది. వాడు కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇంకోసారి తిరగనీ. చెప్తా."

ఇద్దరూ ఎదురు చూస్తూ కూర్చున్నారు. కింద ఎవరో బటన్ నొక్కారు. తాళ్ళు కదిలాయి.